ఒకే మిక్సీ, రెండు ధరలు: ఆరు ఫోన్ల లెక్కపుస్తకం

2025 నవంబరు 16, ఆదివారం

మధ్యాహ్నం కావలి నుంచి అక్క ఫోను చేసింది. పలకరింపు లేదు, కుశలం లేదు. "నువ్వు మిక్సీ ఎంతకు కొన్నావురా?" అని అడిగింది. 2,989 అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "నాకు 3,249 పడింది. అదే కంపెనీ, అదే 750 వాట్లు, అదే ఎరుపు రంగు. నిన్న రాత్రే కొన్నాను" అంది. నేను కొన్నదీ నిన్న రాత్రే. తేడా 260 రూపాయలు.

అక్క వాడేది బెంగళూరులో ఉన్న కొడుకు పంపిన ఐఫోను. నాది మూడేళ్ల నాటి ఆండ్రాయిడ్. ఖరీదైన ఫోను చూసి ధర పెంచి ఉంటారని ఆమె అనుమానం. నాకు అనుమానం కూడా కాదు, నమ్మకమే. నెల్లూరు ట్రంకు రోడ్డులో పన్నెండేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాను. అద్దం మార్చమని ఎవరైనా వస్తే ముందు ఫోను చూస్తాను, ఆ తర్వాతే రేటు చెబుతాను. పాము కాళ్లు పాముకెరుక.

దీన్ని పట్టుకోవాలి. నాకున్న వసతి అందరికీ ఉండదు. నా సొరుగు నిండా ఫోన్లే.

నవంబరు 18, మంగళవారం

దుకాణం మూశాక సెకండ్‌హ్యాండ్ ఫోన్లన్నీ గాజు కౌంటర్ మీద పరిచి ఏరాను. ఒకటి ఐఫోను. ఒకటి నా సొంతం. ఒకటి అమ్మది, భక్తి పాటలు వినడానికి తప్ప ఆవిడ దాన్ని ముట్టదు. ఇంకో రెండు ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే నీలం రంగు. వాటికి జంట-1, జంట-2 అని చీటీలు అంటించాను. ఎందుకు తీశానో అప్పటికి నాకే తెలియదు, ఊరికే పడి ఉన్నాయి కదా అనుకున్నాను. ఆరోది కావలిలో అక్క చేతిలో ఉంది.

యాప్‌లు మూడు. పేర్లు రాయను. పుస్తకంలో అ, ఆ, ఇ అని ఉంటాయి. వస్తువులు ఐదు: అదే మిక్సీ, ఐదు లీటర్ల కుక్కర్, ఇస్త్రీపెట్టె, పది బల్బుల ప్యాకెట్, స్కూలు బ్యాగు.

అక్క కూతురు ఇంజనీరింగ్ చదువుతోంది. "ఇదంతా చేత్తో ఎందుకు మామయ్యా, నేను ప్రోగ్రామ్ రాసి ఇస్తాను" అంది, రాసి పంపింది కూడా. నలభై పేజీల వరకు చక్కగా నడిచింది. ఆ తర్వాత సైటు ట్రాఫిక్ లైట్ల బొమ్మలు చూపించి మనిషివని రుజువు చేసుకోమంది, పిదప తలుపే మూసేసింది. పోతే పోయింది. యంత్రమని పసిగట్టిన వాడికి చూపించే ధర, కొనే మనిషికి చూపించే ధర ఒకటేనన్న హామీ లేదు. మనకు కావలసింది మనిషికి పడే ధర. చేత్తోనే చేద్దాం.

నవంబరు 19, బుధవారం

దొరికారు! సాయంత్రం ఏడు గంటలకు యాప్ అ లో మిక్సీ: జంట-1లో 2,989, జంట-2లో 2,989, అమ్మ ఫోనులో 2,989, నా ఫోనులో 2,989, ఐఫోనులో 3,149. వెంటనే అక్కకు చెప్పాను. ఆమె అప్పుడే బావకు, బావ అప్పుడే వాళ్ల వీధికి చెప్పేశారు.

నవంబరు 20, గురువారం

దొరకలేదు. స్క్రీన్‌షాట్ల మీద సమయం చూస్తే నా తెలివి బయటపడింది. నాలుగు ఫోన్లవి 7 గంటల 2 నిమిషాలకు తీసినవి, ఐఫోనుది 7 గంటల 13 నిమిషాలకు తీసినది. మధ్యలో ఒకాయన చార్జింగ్ పెట్టే చోట చీమలు దూరాయని ఫోను తెచ్చాడు, అది శుభ్రం చేస్తూ కూర్చున్నాను. ఆ పదకొండు నిమిషాల్లో ధర అందరికీ మారింది. ఇప్పుడు చూస్తే ఐదు ఫోన్లలోనూ 3,149 ఉంది.

గంట గంటకూ మారే ధర వేరు, మనిషి మనిషికీ మారే ధర వేరు. మొదటిది సరుకు నిల్వను బట్టి, పోటీవాడి ధరను బట్టి, గిరాకీని బట్టి మారుతుంది. అది అందరికీ ఒకేసారి మారుతుంది. రెండోది నీ గురించి వాళ్లకు తెలిసినదాన్ని బట్టి మారుతుంది. ఈ రెండింటినీ కలిపేసి నిన్న వీధంతా చాటాను.

నవంబరు 21, శుక్రవారం

ఇక నుంచి అన్ని ఫోన్లకూ ఒకే క్షణం. నేను, దుకాణంలో పనిచేసే కుర్రవాడు, పక్క జిరాక్స్ కొట్టు ఆయన కౌంటర్ చుట్టూ నిలబడ్డాం. నాకు రెండు ఫోన్లు, కుర్రవాడికి రెండు, జిరాక్స్ ఆయనకు అమ్మ ఫోను. అక్క వేరే ఫోనులో స్పీకర్ మీద ఉంది. స్క్రీన్‌షాట్‌కు పక్కనున్న రెండు మీటలూ కలిపి నొక్కాలి. ఒక్కో చేతిలో ఒక్కో ఫోనుతో, బొటనవేలితో ఒక మీట, చూపుడువేలితో ఇంకో మీట. కుర్రవాడు "ఒకటి, రెండు, మూడు" అంటాడు. మొదటిసారి జిరాక్స్ ఆయన శబ్దం పెంచాడు, రెండోసారి ఫోను ఆర్పేశాడు. నాలుగోసారికి కుదిరింది.

కుదిరాక వచ్చిన విడ్డూరం ఇది. యాప్ ఇ లో స్కూలు బ్యాగు జంట-1లో 649, జంట-2లో 629. రెండూ నిన్ననే ఫ్యాక్టరీ రీసెట్ చేసినవి. లాగిన్ లేదు, పాత చరిత్ర లేదు, ఒకే వైఫై, ఒకే పిన్‌కోడ్. ఏ విధంగానూ తేడా లేని రెండు ఫోన్లకే ఇరవై రూపాయలు తేడా వస్తే, ఐఫోనుకు వచ్చిన తేడాను దాని దర్జా మీదకు ఎలా నెట్టను?

ఈ చిక్కు పెద్దవాళ్లకూ ఎదురైంది. 2014లో బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు 16 సైట్లను పరీక్షించారు. 300 మంది నిజమైన వాడుకరుల ఖాతాలతో వెతికించారు. ప్రతి వెతుకులాటకూ పక్కనే చరిత్ర లేని ఇంకో బ్రౌజర్‌తో అదే వెతుకులాట నడిపారు. ఊరికే వచ్చే ఊగిసలాట ఎంతో ముందు తేల్చి, దాన్ని మించినదాన్నే లెక్కలోకి తీసుకున్నారు. తొమ్మిది సైట్లలో ధర తేడా గానీ, కొందరికి ఖరీదైన సరుకును ముందు చూపించడం గానీ కనిపించింది. అంటే నా జంట ఫోన్లు ఊరికే లేవు, ఆ పనికే ఉన్నాయి.

2000లో అమెజాన్ విషయమూ ఇలాంటిదే. కొందరు తమ కంప్యూటర్‌లో కుకీలు (సైటు మనల్ని గుర్తుపట్టడానికి దాచుకునే చిన్న ఫైళ్లు) చెరిపేసి చూస్తే అదే డీవీడీ తక్కువ ధరకు కనిపించింది. గొడవయింది. మనిషిని చూసి వేసిన ధరలు కావు, ఎవరికి ఏది పడుతుందో చూడకుండా లాటరీలా వేసిన పరీక్ష అని కంపెనీ చెప్పి, 6,896 మందికి సగటున 3 డాలర్ల 10 సెంట్లు తిరిగి ఇచ్చింది. లాటరీలా వేసిన ధరకూ, మనిషిని కొలిచి వేసిన ధరకూ బయట నిలబడ్డవాడికి తేడా తెలియదు. బ్యాగు మీద ఇరవై రూపాయలు కూడా అలాంటి పరీక్షే అయి ఉండవచ్చు.

కొత్త నియమం: జంట ఫోన్ల మధ్య తేడా ఉన్న రోజు ఆ వస్తువు లెక్కలోకి రాదు. మూడు రోజులు వరుసగా నిలిస్తేనే తేడా.

నవంబరు 23, ఆదివారం

అక్క వచ్చింది. అమ్మ చేపల పులుసు పెట్టింది. తిన్నాక అక్క ఐఫోనులో డెలివరీ చిరునామా కావలి 524201 నుంచి నెల్లూరు 524001కి మార్చాం. మిక్సీ ధర 260 రూపాయలు దిగింది! నా ఆండ్రాయిడ్‌లో కావలి పిన్‌కోడ్ కొట్టాను. ఎక్కింది. జంట ఫోన్లలో కొట్టాం. రెండూ కలిసే ఎక్కాయి, కలిసే దిగాయి. (తర్వాత చేర్చింది: మరో రెండు రోజులూ ఇదే తీరు.)

ధర కింద బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో కారణం ఉంది. సెల్లర్ పేరు మారుతోంది. నెల్లూరుకు ఒకడు, కావలికి ఇంకొకడు. విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్, అంటే వేరే సెల్లర్ల సరుకును అమ్మిపెట్టే యాప్, మన దేశంలో సరుకు ధరను తాను నిర్ణయించకూడదు, ప్రత్యక్షంగానూ పరోక్షంగానూ ప్రభావితం చేయకూడదు. 2018 చివర వచ్చిన ప్రభుత్వ ప్రకటన ఆ మాట స్పష్టంగా చెప్పింది. ధర సెల్లర్‌ది. కానీ పది మంది సెల్లర్లలో ఎవరిని ముందు నిలబెట్టాలో యాప్ ఇష్టం. మనం కిందికి జరిపి మిగతావాళ్లను చూడం. కావలి పేజీలో "ఇతర సెల్లర్లు" అన్నచోట నొక్కితే 3,040కి ఇచ్చేవాడు మూడో వరుసలో ఉన్నాడు, కాకపోతే రెండు రోజులు ఆలస్యం.

పుస్తకంలో సెల్లర్ అని కొత్త గడి గీశాను. మొదటి రోజే గీయాల్సింది.

ఇది అక్కకు ఊరట కాలేదు. "అంటే నా ఫోను తప్పు కాదు, నేను కావలిలో ఉండటం తప్పా?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, కానీ పాత ఉదాహరణ ఉంది. 2012 డిసెంబరులో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక స్టేపుల్స్ అనే అమెరికా స్టేషనరీ కంపెనీ సైటును పరీక్షించింది. ఒకే స్టేప్లర్ ఒకరికి 15 డాలర్ల 79 సెంట్లు, ఇంకొకరికి 14 డాలర్ల 29 సెంట్లు. కొనేవాడి దగ్గరలో పోటీ దుకాణం ఉంటే ధర తక్కువ, లేకపోతే ఎక్కువ. ఇంకో చోటు లేనివాడే ఎక్కువ కట్టాడు. కావలి మిక్సీ విషయంలో రవాణా ఖర్చా, ఇలాంటి లెక్కా అన్నది నా ఆరు ఫోన్లతో తేలేది కాదు.

నవంబరు 25, మంగళవారం

ఈ రోజు అసలు ముచ్చట, ఫోను దర్జా. ఐదు వస్తువులు, మూడు యాప్‌లు, ఒకే పిన్‌కోడ్, ఒకే సెల్లర్, లాగిన్ లేకుండా. ఐఫోనుకూ జంట ఫోన్లకూ మధ్య తేడా సున్నా. నేనే నమ్మలేక మరో రెండుసార్లు చేశాను. సున్నాయే.

బ్యాటరీ కూడా చూశాను. 2016లో ఊబర్‌లో పనిచేసిన ఆర్థికవేత్త కీత్ చెన్ ఒక మాట చెప్పాడు: చార్జింగ్ అయిపోతున్నవాళ్లు పెరిగిన చార్జీకి తేలికగా ఒప్పుకుంటారని తమకు కనిపించిందని, అయితే ధర వేయడానికి దాన్ని వాడలేదని. నేను జంట-1ని 6 శాతానికి దింపి, జంట-2ని నిండుగా పెట్టి చూశాను. సున్నా. వంటసామాను కొనేవాడికి నడిరోడ్డులో ఆటో ఎక్కేవాడి తొందర ఉండదు కదా.

ఐఫోను, ఆండ్రాయిడ్ గొడవ మన దగ్గరా రేగింది. 2025 జనవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఓలాకు, ఊబర్‌కు దీని మీదే నోటీసులు ఇచ్చింది. ఫోనును బట్టి చార్జీ వేయడం లేదని రెండు కంపెనీలూ చెప్పాయి. ఇంకా ముందు, 2012లో, ఆర్బిట్జ్ అనే ప్రయాణాల సైటు యాపిల్ కంపెనీ మ్యాక్ కంప్యూటర్ వాడేవాళ్లకు ఖరీదైన హోటళ్లను ముందు వరుసలో చూపిస్తోందని బయటపడింది. అక్కడ కూడా ఒకే గదికి రెండు ధరలు కాదు; ఏ గది ముందు కనిపించాలన్నదే తేడా.

నా నమ్మకం ఓడింది. పాము కాళ్ల సామెత ఇక్కడ పనిచేయలేదు.

నవంబరు 30, ఆదివారం

వారమంతా వాన. కౌంటర్ మీద ఫోన్లతో కాలక్షేపం చేయడానికి అనువైన వారం.

ఇన్నాళ్లూ పెద్ద అక్షరాల ధరనే రాసుకుంటూ వచ్చాను. దాని కింద ఆకుపచ్చ గడిలో ఉండే కూపన్‌ను పట్టించుకోలేదు. యాప్ ఆ లో లాగిన్ అయి చూస్తే కుక్కర్ ధర అందరికీ 1,899. కానీ అమ్మ ఫోనులో కింద 150 రూపాయల కూపన్. నా ఫోనులో ఏమీ లేదు. బోర్డు మీద ధర ఒకటే, బిల్లు మీద ధర వేరు.

జంట ఫోన్లలో నా సిమ్ ఒకటి, కుర్రవాడి సిమ్ ఒకటి వేసి కొత్త ఖాతాలు తెరిచాం. రెండింటికీ మొదటి ఆర్డర్ కూపన్ ఒకే మాదిరిగా వచ్చింది. అది పక్కన పెట్టాం. జంట-1తో కుక్కర్‌ను కార్ట్‌లో పెట్టి, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి, అక్కడ వదిలేశాను. జంట-2తో అదే కుక్కర్‌ను అంతే సేపు చూసి బయటికి వచ్చాను. రెండో రోజు మధ్యాహ్నం జంట-1 టింగుమంది. మీ కుక్కర్ మీ కోసం ఎదురు చూస్తోందట, ఈ రోజు కొంటే 75 తగ్గిస్తారట. జంట-2 మౌనం. తర్వాత పాత్రలు మార్చి ఇస్త్రీపెట్టెతో చేశాం. ఈసారి జంట-2కి వచ్చింది, జంట-1కి రాలేదు. మూడోసారి బల్బులతో చేస్తే ఎవరికీ ఏమీ రాలేదు. మూడింట రెండు. ఇంత చిన్న లెక్కతో శపథం చేయలేను, కానీ రెండు వారాల్లో మొదటిసారి జంటలో ఒకదాన్ని నేను కావాలని మార్చితే దాని ధర మారింది.

అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జూలైలో ఎనిమిది సంస్థల నుంచి, మనిషి సమాచారాన్ని బట్టి ధర వేసే వ్యవస్థల వివరాలు అడిగింది. 2025 జనవరిలో వచ్చిన తొలి నివేదికలో ఆ వ్యవస్థలు వాడుకోగల సమాచారం ఏమిటో ఉంది: మనిషి ఎక్కడున్నాడు, బ్రౌజర్‌లో ఏం చూశాడు, పేజీ మీద మౌస్‌ను ఎలా కదిపాడు, కార్ట్‌లో ఏం పెట్టి కొనకుండా వదిలేశాడు. ఆ చివరిదాన్నే నేను ట్రంకు రోడ్డులో చేసి చూశాను.

ఫోను పనివాడిగా ఒక మాట. అందరూ భయపడేది యాప్ మన ఫోనులోకి దూరి అన్నీ చదివేస్తుందని. ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోనులో ఏ యాప్‌లు ఉన్నాయో మిగతా యాప్‌లకు మొత్తం జాబితా సులువుగా దొరకదు. ప్రకటనల ఐడీని, అంటే ప్రకటనలవాళ్లు మన ఫోనును గుర్తుపట్టే నంబరును, సెట్టింగ్స్‌లో మనమే తీసేయవచ్చు. అవన్నీ చేసినా, లాగిన్ అయ్యాక నువ్వు ఏం చూశావో, ఎంతసేపు నిలిచావో, ఎక్కడ వెనక్కి తగ్గావో వాళ్లకు నువ్వే చెబుతున్నావు. వాళ్లు నీ జేబు వెతకనక్కర్లేదు, నీ తటపటాయింపు చూస్తే చాలు.

డిసెంబరు 4, గురువారం

ఒక్క పూట కావలి వెళ్లి వచ్చాను. అక్క, బావ ఒకే ఇల్లు, ఒకే వైఫై, ఒకే పిన్‌కోడ్. ఖాతాలు వేరు. సోఫాలో ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, యాప్ ఆ లో ఇస్త్రీపెట్టె తీయించి, "ఒకటి, రెండు, మూడు" అన్నాను.

ఇద్దరికీ ధర 1,149. ఇద్దరికీ ఒకే సెల్లర్. బావకు కింద 120 రూపాయల కూపన్. అక్కకు లేదు.

అక్క ఆర్డర్ల చరిత్ర తీశాం. పద్నాలుగు నెలల్లో 41 ఆర్డర్లు. వాపసు చేసింది ఒక్కటీ లేదు. కావలసింది వెతుకుతుంది, మొదటిది చూస్తుంది, కొనేస్తుంది. పాలు పొంగేలోపు ఆర్డర్ పెట్టేస్తానని ఆమే గొప్పగా చెప్పుకుంటుంది. బావ ఎంగిలిచేత్తో కాకిని కూడా తోలని మనిషి. రాత్రి భోజనం అయ్యాక గంటసేపు యాప్ తిరగేస్తారు, కార్ట్ నింపుతారు, పడుకుంటారు. పద్నాలుగు నెలల్లో ఆయన కొన్నవి రెండు: ఒక టార్చిలైటు, దానికి సెల్లులు. ఆయన కూపన్ల పేజీ మాత్రం సంక్రాంతి ముగ్గులా కళకళలాడుతోంది.

ఇస్త్రీపెట్టెతో ఆపకుండా కుక్కర్, బ్యాగు కూడా చూశాం. కుక్కర్‌కు బావకు 100, అక్కకు సున్నా. బ్యాగుకు ఇద్దరికీ ఏమీ లేదు.

ఆర్థికశాస్త్రంలో దీనికి పాత పేరుంది. ఆర్థర్ పిగూ అనే ఆంగ్లేయుడు 1920లో రాసిన పుస్తకంలో ధరల వివక్షను మూడు మెట్లుగా విడదీశాడు. మొదటి మెట్టు, ప్రతి మనిషి దగ్గరా అతను గరిష్ఠంగా ఎంత ఇవ్వగలడో అంతా రాబట్టడం. ఆచరణలో అసాధ్యమనే అప్పట్లో అనుకునేవారు, ఎందుకంటే ఎవరు ఎంత ఇస్తారో అమ్మేవాడికి తెలియదు. అక్క 41 సార్లు చెప్పింది.

సోఫాలో కాసేపు నిశ్శబ్దం. "ఇన్నాళ్లు నమ్మకంగా కొన్నందుకు నాకు ఇదా?" అంది అక్క. బావ కళ్లజోడు తుడుచుకుంటూ, "ఇక నుంచి ఇంట్లోకి ఏం కావాలన్నా నా ఫోనులో పెట్టు" అన్నారు. అక్క ఆయన వైపు చూసిన చూపును పుస్తకంలో ఏ గడిలో రాయాలో తెలియలేదు.

ఆ రెండు ఖాతాల మధ్య సవాలక్ష తేడాలున్నాయి: వయసు, మగ ఆడ, ఫోను, అలవాట్లు. కూపన్‌కు వాటిలో ఏది కారణమో యాప్ చెప్పదు, నేను కనిపెట్టలేను. జంట ఫోన్ల ఫలితం పక్కన పెట్టుకుని చూస్తే వదిలేసిన కార్ట్‌ల మీదకే నా వేలు పోతుంది.

డిసెంబరు 7, ఆదివారం

అక్క పేరు మీద కస్టమర్ కేర్‌కు రాశాం. ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే వస్తువు మీద వేర్వేరు కూపన్లు ఎందుకు? రెండు స్క్రీన్‌షాట్లు జత చేశాం. జవాబు పావుగంటలో వచ్చింది: ఆఫర్లు వినియోగదారుడి అర్హతను బట్టి ఉంటాయి, మీ సహనానికి ధన్యవాదాలు. అర్హత ఏమిటని మళ్లీ అడిగితే అదే జవాబు, ఈసారి నవ్వు బొమ్మతో.

చట్టం వైపు తిరగేశాను. మన 2020 ఈ-కామర్స్ నియమాల్లో పనికొచ్చే వాక్యం ఉంది: ఒకే తరగతికి చెందిన వినియోగదారుల మధ్య వివక్ష చూపకూడదు, వారి హక్కులకు దెబ్బ తగిలేలా ఇష్టం వచ్చినట్లు వర్గీకరించకూడదు. అయితే 41 ఆర్డర్ల అక్క, టార్చిలైటు బావ ఒకే తరగతా? తగ్గింపు ఇవ్వకపోవడం ధర పెంచడమేనా? కంపెనీ వకీలు ఈ రెండు ప్రశ్నల దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాం, చూడాలి.

అక్క గురించి వాళ్ల దగ్గర ఏ సమాచారం ఉందో అడగవచ్చు కదా అనిపించింది. 2023 వ్యక్తిగత డేటా చట్టం ఆ హక్కు ఇస్తుంది. దాని నియమాలు మొన్న నవంబరులోనే వచ్చాయి, కానీ ఆ హక్కు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. 2027 మే దాకా ఆగాలి.

యూరప్‌లో 2022 మే 28 నుంచి, యంత్రం మనిషిని చూసి ధర వేస్తే ఆ మాట కొనేవాడికి ముందే చెప్పాలి. న్యూయార్క్ రాష్ట్రంలో ఈ నవంబరు 10 నుంచి ధర పక్కనే స్పష్టంగా కనిపించేలా రాయాలి: ఈ ధరను మీ వ్యక్తిగత సమాచారంతో ఒక అల్గారిథమ్ నిర్ణయించింది. ధరను ఆపమని ఆ చట్టం అనలేదు, చెప్పమంది. అక్క పేజీలో ఆ ఒక్క వాక్యం ఉండి ఉంటే నాకు ఇరవై రోజుల పని తప్పేది.

డిసెంబరు 11, గురువారం

కూపన్ వస్తుందేమోనని అక్క మూడు రోజుల క్రితం కుక్కర్‌ను కార్ట్‌లో పెట్టి ఆగింది. పాలు పొంగేలోపు కొనే మనిషికి మూడు రోజులంటే ఉపవాసమే. కూపన్ రాలేదు. ధర 1,899 నుంచి 1,959కి పెరిగింది. అరవై రూపాయలు నా ఖాతాలో రాసుకోమని ఫోనులో చెప్పింది.

ఐఫోను తిరిగి సొరుగులోకి వెళ్లింది. జంట ఫోన్లను రీసెట్ చేసి, ఖాతాలు తీసేసి, కొత్త టెంపర్ గ్లాసులు వేసి కుర్రవాడికి ఇచ్చాను. రెండింటి మీదా ఒకే ధర అంటించాడు: 5,500.

ఉదయం బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఒకతను వచ్చాడు. కాలేజీలో చేరిన కూతురికట. జంట-1ని అటూ ఇటూ తిప్పి చూసి, చీటీ చదివి, లెక్కపెట్టి 5,500 ఇచ్చి వెళ్లాడు. సాయంత్రం ఇంకొకతను వచ్చాడు. జంట-2 తీసుకున్నాడు, గీతలున్నాయన్నాడు, పక్క దుకాణంలో ఇంకా తక్కువన్నాడు, మెట్లు దిగాడు, నేను పిలిచాను. 5,000కి ఇచ్చాను.

కుర్రవాడు లెక్కపుస్తకం తెరిచి, పాత గడుల్లోనే రాశాడు. జంట-1: 5,500. జంట-2: 5,000. పిన్‌కోడ్ ఒకటే, సెల్లర్ ఒకడే. కారణం అన్న గడి దగ్గర కలం ఆపి నా మొహం చూశాడు.

"మెట్లు దిగాడు అని రాయి" అన్నాను.